స్పెయిను వీరుడికి చిక్కడపల్లి పేరు

రామచంద్రరావుకి డెబ్భై రెండో ఏట ఒక కోరిక పుట్టింది. ఆ వయసులో మగవాడికి కోరిక పుడితే ఇంట్లోవాళ్ళు ముందు బీపీ చూస్తారు, తరువాత షుగరు చూస్తారు. ఈయన కోరిక ఆ రెండు మిషన్లకూ అందేది కాదు. భార్య నోట తన పేరు ఒక్కసారి వినాలి. అంతే.

నలభై ఆరేళ్ళ కాపురంలో కమలాకుమారి మొగుడి పేరు పలికి ఎరగదు. ఆవిడది పెనుగొండ దగ్గర పల్లెటూరు. పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని పెళ్ళినాడు వాళ్ళ మామ్మ చెవిలో చెప్పింది. ఒకసారి పలికితే ఎంత తరుగుతుందో మామ్మ చెప్పలేదు. లెక్క తెలియదు కాబట్టి కమలాకుమారి ఒక్క పూట కూడా ఖర్చు పెట్టలేదు.

పోనీ ఆ పేరు ఎక్కడా వినపడని పేరైనా బాగుండేది. రాముడి పేరు. చిక్కడపల్లిలో కాపురముంటూ రాముడి పేరు తప్పించుకు తిరగడమంటే జడివానలో గొడుగు లేకుండా అశోక్‌నగర్ దాకా నడిచి, పొడిగా తిరిగి రావడమే. అటు వెళ్తే రామ్‌నగర్, ఇటు వెళ్తే రాంకోఠి. రామ్‌నగర్‌ని ఆవిడ చేపల మార్కెట్టు అంటుంది. ఉల్లిపాయ కూడా ఏకాదశి చూసుకుని తినే మనిషి ఆటో ఎక్కి "చేపల మార్కెట్టుకి పోనీ నాయనా" అంటూంటే బిల్డింగువాళ్ళు చాలాకాలం వేరేగా అనుకున్నారు. రాంకోఠి "కోఠికి ముందొచ్చేది". సీతాఫలం సీతాఫలమే గాని, రామాఫలం మాత్రం "దాని జంట పండు". శ్రీరామనవమి పానకాల పండగ. వాటాల్లో ఆడవాళ్ళందరూ రామకోటి రాస్తుంటే ఈవిడ గోవిందకోటి రాసి ఊరుకుంది. రాస్తే తప్పేముందని ఎవరో అడిగితే, "రాస్తూ రాస్తూ పైకి అనేస్తే?" అంది.

ఇక మొగుణ్ణి పిలవాలంటే "ఏవండీ". కూరగాయల మార్కెట్టు మధ్యలో నిలబడి ఆవిడ "ఏవండీ" అంటే పదకొండు మంది మొగుళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగేవారు. పన్నెండోవాడు రామచంద్రరావు.

ఇన్నేళ్ళూ ఆయన దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకున్నది కంటి ఆసుపత్రిలో. కుడికంటికి శుక్లం ఆపరేషను చెయ్యాలన్నారు. పరీక్షకి వెళ్ళిన రోజున ఆయన కంట్లో చుక్కలు వేసి మూల కూర్చోబెట్టారు. కౌంటరు దగ్గర నర్సు కమలాకుమారిని అడిగింది.

"పేషెంట్ పేరేంది మేడం?"

"ఫైల్లో ఉందమ్మా."

"ఫైలు లోపలికి పోయింది. మీరు చెప్పుండ్రి."

"ఇదిగో, ఈయనే పేషెంటు."

"కనబడుతున్నడు మేడం. పేరు?"

"ఇంటిపేరు ముక్కామల."

"ఇంటిపేరుకు ఆపరేషన్ చెయ్యరు మేడం."

కమలాకుమారి కౌంటరు మీదికి వంగింది. "ముందు సీతమ్మవారి భర్త. ఆ వెనక ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఉంటాడు చూడు, ఆయన. ఆ చివర మగవాళ్ళకి తగిలించే తోక."

నర్సు పెన్ను నోట్లో పెట్టుకుని కప్పువైపు చూసింది. వరసలో వెనకున్నవాళ్ళు కూడా చూశారు. నిమిషం తరువాత, "రాంచందర్ రావా?" అంది.

"నువ్వన్నావు తల్లీ, నేననలేదు."

మూల కూర్చున్న రామచంద్రరావుకి లోకమంతా మసకగా ఉంది గాని, ఈ ఒక్క సంగతి మాత్రం తేటగా కనిపించింది. ఈవిడ తన కోసం చంద్రుణ్ణయినా కిందికి దింపింది, పేరు మాత్రం దింపలేదు. అప్పుడు పుట్టింది కోరిక.

బతిమాలితే జరిగే పని కాదని ఆయనకి తెలుసు. ఉపాయం కావాలి.

ఆ ఉపాయం అశోక్‌నగర్ వయోధికుల పఠన మండలి రూపంలో వచ్చింది. నెలకోసారి ఆదివారం పూట నలభై మంది పెద్దవాళ్ళు చేరి, చదువుకుని, దగ్గి, టీ తాగి వెళ్ళే సభ అది. ఈసారి ఎవరైనా ఒక విదేశీ నవలని తెలుగు చేసి వినిపించాలన్నారు. రామచంద్రరావు వెంటనే చెయ్యెత్తాడు. ఉద్యోగమంతా ఆయన ప్రభుత్వ ఉత్తర్వుల్ని ఇంగ్లీషులోంచి తెలుగులోకి, రెండు భాషలవాళ్ళకీ అర్థం కాకుండా, తిప్పి రిటైరయ్యాడు. చెయ్యి తిరిగిన మనిషి.

పుస్తకం కూడా ఉంది. కోఠి ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్నది. పాత స్పెయిను దేశపు నవల. కత్తీ డాలూ పట్టుకుని గుర్రమెక్కి ధర్మాన్ని నిలబెడతానని ఊళ్ళు తిరిగే ఒక వీరుడి కథ. అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు. రాసిందెవరో రామచంద్రరావుకి ఈనాటికీ తెలియదు.

నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చుని ఆయన ఈ సంగతి కిషన్ రావుతో మాట్లాడాడు. కిషన్ రావు మండలికి అధ్యక్షుడు, ఈయనకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు.

"కథ బాగానే ఉంది కిషన్ రావూ, పేర్లే కష్టం. ఒక్కొక్కటీ గూడ్సు బండి. వీరుడి పేరు మొదలెడితే ఇంజను నోట్లోంచి బయటికొచ్చేసరికి గార్డు డబ్బా గొంతులోనే ఉంటుంది. నిన్న గుర్రం పేరు గట్టిగా పలికి చూశాను. పైపళ్ళ సెట్టు ఊడి ఉప్మాలో పడింది."

కిషన్ రావు గాభరా పడ్డాడు. "గట్లైతె ఎట్లనే? మన మండలిల సగం మందివి కట్టుడు పండ్లే. సభల రాలితె ఎవలివి ఎవలియో ఎట్ల ఏరుకుంటరు? మనోళ్ళ పేర్లు పెట్టు."

"పెట్టొచ్చంటావా?"

"ఎవడద్దన్నడు? స్పెయినోళ్ళు చిక్కడపల్లికొచ్చి అడుగుతరా?"

"సేవకుడికి ఈరన్న అని పెట్టాను. గుర్రానికి వాయువేగి. ఎముకలు తప్ప ఏమీ లేని గుర్రం, పేరైనా బలంగా ఉండాలని. వీరుడు మనసుపడి చేసుకున్న రాణికి కమలాకుమారి."

"వదిన పేరే పెట్టినవ్. హుషారున్నవ్. మరి వీరునికి?"

రామచంద్రరావు చాయ్ గ్లాసులోకి చూస్తూ, "రామచంద్రరావు," అన్నాడు.

కిషన్ రావుకి పొలమారింది. తేరుకున్నాక విషయమంతా విన్నాడు. ఆపరేషను తరువాత మూడు వారాలు చదవకూడదు, రాయకూడదు. ముందే రాసిపెట్టుకున్న కాగితాల్ని ఎవరో ఒకరు ఫోనుకి చదివి వినిపించాలి. కమలాకుమారికి ఆ విద్య వచ్చు. పెనుగొండలో ఉన్న చెల్లెలికి ఆవకాయ కొలతలన్నీ ఫోన్లో నోటితో చెబుతుంది, ఆ ఫోనే విని తెలుగులో అచ్చు కొట్టుకుంటుంది. అలా చదువుతూ పోతే వీరుడి పేరు రాక ఎక్కడికి పోతుంది?

"నీకిదేం పరేషానయ్యా," అన్నాడు కిషన్ రావు. "మా పద్మ దినాం యాభై సార్లు పిలుస్తది. ముప్పై ఏండ్లు బడిల హాజరు తీసుకున్న నోరు. ఆమె 'కిషన్ రావ్' అంటే నేను లేచి నిలబడ్త. నా పేరు నాకే బుగులైతది."

"నీకు కడుపు నిండింది, అందుకని అలా మాట్లాడుతున్నావు," అన్నాడు రామచంద్రరావు.

పన్నెండు రోజుల్లో ముప్పై పేజీలు రాశాడు. అందులో స్పెయిను నుంచి దిగుమతి అయినవి అయిదు పేజీలు, మిగతావి చిక్కడపల్లి సరుకు. సర్వనామం అనేది ఒకటి తెలుగులో ఉందన్న సంగతి పూర్తిగా మరిచిపోయాడు. "రామచంద్రరావు లేచెను. రామచంద్రరావు ఆవులించెను. రామచంద్రరావు, రామచంద్రరావు యొక్క కత్తిని రామచంద్రరావు యొక్క ఒరనుండి తీసెను." పేజీకి ఏడెనిమిది సార్లకి తగ్గకుండా చూసుకున్నాడు.

ఆపరేషను సజావుగా జరిగింది. మూడు వారాలు పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరు చెబుతుంటే జీవితంలో మొదటిసారి డాక్టరు మాట పొంగిపోయి విన్నాడు.

నాలుగో రోజు పొద్దున్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడకకుర్చీలో వాలి కాళ్ళు చాపుకున్నాడు. ఎదురుగా కమలాకుమారి ఫోనుని శంఖంలా నోటి దగ్గర పట్టుకుని కూర్చుంది. ఒళ్ళో కాగితాల కట్ట.

"రాసింది రాసినట్టు చదువు. ఒక్క అక్షరం తప్పినా స్పెయిను వాళ్ళు బాధపడతారు."

"పూర్వము స్పెయిను దేశమున ఒక గ్రామమునందు," అని మొదలుపెట్టి ఆగిపోయింది.

రామచంద్రరావు నల్లకళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"చదవవే?"

"ఈ స్పెయిను వాడికి మీ పేరెందుకొచ్చిందండీ?"

"వాడి అసలు పేరు నోరు తిరగదు."

"ఇదెవరికి తిరుగుతుందని?"

"లోకంలో అందరికీ తిరుగుతుంది, నీకు తప్ప."

"అయితే లోకంతోనే చదివించుకోండి."

"అలాగే. అద్దాలు తీసి నేనే చదువుకుంటాను. కంటికేమైనా అయితే కర్ర కొనిపెట్టు."

కమలాకుమారి నిట్టూర్చింది. ఫోను మళ్ళీ నోటి దగ్గరికి వచ్చింది. రామచంద్రరావు కుర్చీలో లేచి కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళు.

"ఒక గ్రామమునందు మా ఆయన అను వీరుడు కలడు."

"అదేమిటి?"

"ఏది?"

"అక్కడ నేనలా రాయలేదు."

"మీరు రాసినదాని అర్థం అదేగా. అన్నేళ్ళు అనువాదాలు చేశారు, ఆ మాత్రం తెలీదూ?"

రామచంద్రరావు మళ్ళీ కుర్చీలో వాలాడు. ఆవిడ సాఫీగా సాగిపోయింది. మా ఆయన లేచెను. మా ఆయన ఆవులించెను. మా ఆయన, మా ఆయన యొక్క కత్తిని మా ఆయన యొక్క ఒరనుండి తీసెను.

రామచంద్రరావు బెంబేలు పడలేదు. తొమ్మిదో పేజీలో రాక్షసుడున్నాడు. వాడికి స్పెయినుతో ఏ సంబంధమూ లేదు, ఈయన ఈ పనికోసమే పెట్టుకున్నాడు. రాక్షసుడు కమలాకుమారి రాణిని కోటలో బంధించి, నీ భర్త నామధేయము చెప్పినగాని విడువను అంటాడు. అప్పుడా రాణి ఎలుగెత్తి ఆ పేరు మూడుసార్లు పలకాలి. అక్కడ "మా ఆయన" అంటే కుదరదు. ఎలా తప్పించుకుంటుందో చూద్దామని రామచంద్రరావు కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

కమలాకుమారి ఆ పేరా మనసులో చదువుకుంది. కాగితం పైకీ కిందికీ చూసింది. ఫోనుకి చెప్పింది.

"రాణి చెప్పలేదు. రాక్షసుడు అడిగి అడిగి విసిగి, తలుపు తీసి, ఇంటికి పొమ్మనెను."

"కథ మార్చేస్తున్నావు."

"రాక్షసుడే ఊరుకున్నాడు, మధ్యలో మీ బాధేమిటండీ?"

మధ్యాహ్నం భోజనాల వేళకి ముప్పై పేజీలూ అయిపోయాయి. ఆయన పేరు ఒక్కసారి రాలేదు. పోనీలే, తరువాత కిషన్ రావు చేత సరిచేయిద్దాం, కనీసం సభలోనైనా వినొచ్చు అని సర్దుకుంటుండగా కమలాకుమారి ఫోను పక్కన పెట్టి, "పంపించేశాను," అంది.

"ఎవరికి?"

"మండలి రేణుకగారికి. ఇవాళే కావాలని రెండుసార్లు అడిగారు."

"సరిచెయ్యకుండానే?"

"ఒక్క అక్షరం తప్పినా స్పెయిను వాళ్ళు బాధపడతారన్నారుగా. అందుకని మళ్ళీ ముట్టుకోలేదు."

రేణుక మండలి కార్యదర్శి. మంచి గొంతు, చదివితే వెనక వరసలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేస్తారు. ఆవిడకి కమలాకుమారి ఫోను నుంచి ఒక రచన వచ్చింది. పైన "మా ఆయన విజయము" అని పేరు. లోపల మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా మా ఆయన. ఇంకెవరైనా ఏమనుకుంటారు? రేణుకా అదే అనుకుంది, మొగుడి కన్ను బాగులేక నవల బదులు ఆవిడ ఇది పంపిందని.

ఆదివారం సభలో మైకు ముందు నిలబడి, "ముక్కామల కమలాకుమారిగారు తమ భర్తగారి గురించి రాసిన హాస్యరచన," అంది.

రెండో వరసలో నల్లకళ్ళద్దాలతో కూర్చున్న రామచంద్రరావు సగం లేచాడు. పక్కనున్న కిషన్ రావు చొక్కా పట్టుకుని కూలేశాడు. "జర ఊకో. ఏం జదువుతదో ఇందాం."

"మా ఆయన పొద్దున్నే లేచి, ఇంటిలో చేయవలసిన పని ఒక్కటియు చేయక, లోకమును ఉద్ధరించుటకు బయలుదేరెను," అని చదివింది రేణుక.

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. మొదటి పేజీకే. పైన వచ్చిన స్పెయిను దేశాన్ని కూడా వేళాకోళం కిందే కట్టారు.

"దారిలో గానుగ చుట్టును కండ్లకు గంతలతో తిరుగుచున్న ఎద్దును చూచి, ఇతడు శాపగ్రస్తుడైన రాజకుమారుడని మా ఆయన తలచెను. గంతలు విప్పెను. రాజకుమారుడు మా ఆయనను పొలములో మూడుమార్లు తరిమెను. మా ఆయన చెట్టెక్కెను. భోజనమునకు కూడ దిగలేదు."

నలభై మందీ మెడలు తిప్పి నల్లకళ్ళద్దాల వైపు చూశారు.

"మరియొకచోట మా ఆయన బావిలోకి వంగి 'ఎవడురా' అనెను. బావి 'ఎవడురా' అనెను. మా ఆయన 'నేనురా' అనెను. బావి 'నేనురా' అనెను. ఇట్లు మధ్యాహ్నము వరకు జరిగెను. మా ఆయన గొంతు పోయెను. బావి గొంతు పోలేదు."

కిషన్ రావు భార్య పద్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కమలాకుమారి భుజం పట్టుకుంది. "కమలక్కా, గింత పడ్డవా ఆయనతోని? ఒక్కనాడన్న మాతోని చెప్పలే."

చదవడం అయ్యాక రామచంద్రరావు ఆగలేక లేచి నిలబడ్డాడు. "అయ్యా, అది నేను రాసింది. స్పెయిను నవల. ఆ బావి స్పెయిన్లో ఉంది."

వెనక నుంచి దోమలగూడ పెద్దాయన ఒకాయన లేచాడు. "సిగ్గేముంది సార్ ఇందులో? మా ఇంటి వెనక కూడా బావి ఉండేది. నేను రెండు గంటలు పోట్లాడాను."

కమలాకుమారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆవిడ మొహమాటంగా మైకు పట్టుకుని, "నాదేం లేదండీ. రాసింది మా ఆయనే," అంది. సభ మళ్ళీ విరగబడి నవ్వింది. అది కూడా రచనలో భాగమే అనుకున్నారు. నిజం చెప్పినవాళ్ళకి కూడా చప్పట్లు కొడతారని రామచంద్రరావుకి ఆ రోజే తెలిసింది.

రేణుక ఆ రచనని మండలి వాట్సప్‌లో పెట్టింది. సోమవారానికి అశోక్‌నగర్ చదివింది, మంగళవారానికి నారాయణగూడ చదివింది, బుధవారానికి గాంధీనగర్‌లో తెలుగు రానివాళ్ళు కూడా పక్కవాళ్ళ చేత చదివించుకున్నారు. ఆ తరువాత రామచంద్రరావుని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఇందిరా పార్కులో నడిచేవాళ్ళు దూరం నుంచే "మా ఆయనగారూ, నమస్కారం" అన్నారు. మందుల షాపులో "మా ఆయనగారి కంటిచుక్కలు తియ్యి" అన్నారు. మంగలి అద్దం ముందు కూర్చోబెట్టి, "మా ఆయనకు మీసం జర సన్నగ కొట్టాల్నా?" అని అద్దంలో ఉన్నవాణ్ణి అడిగాడు. భార్య నోట పేరు వినాలని బయలుదేరిన మనిషికి ఊళ్ళోవాళ్ళ నోట ఉన్నది కూడా ఊడిపోయింది.

కమలాకుమారి మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజు పైవాటా అమ్మాయి హారతి తలుపు కొట్టింది.

"ఆంటీ, మా ఆయన లిఫ్టులో ఇరుక్కున్నారు."

"నీకు పెళ్ళెప్పుడయిందమ్మా?"

"నాకు కాదాంటీ. మన మా ఆయన."

కమలాకుమారి నవ్వలేదు. సాయంత్రం సందు మొదట్లో పూలమ్మే ఈదమ్మ దగ్గర మల్లెపూలు తీసుకుంటుంటే ఈదమ్మ, "అమ్మా, మా ఆయన పొద్దుగాల్ల ఛాయ్ తాగలే అన్నడు. నేనే ఇంత పోసిచ్చిన," అంది. ఆ రాత్రి కూరకి వంకాయ ముక్కలు రోజూకంటే చిన్నవిగా పడ్డాయి. కత్తిపీట కూడా ఏదో గొణిగింది.

ముక్కల సైజు చూసి రామచంద్రరావుకి ప్రాణం లేచొచ్చింది. చచ్చిందనుకున్న ఉపాయం చిగురేస్తోంది. తన మొగుణ్ణి ఊళ్ళో ఆడవాళ్ళందరూ మా ఆయన అంటుంటే ఏ ఇల్లాలు ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? ఆయనకి వేరే పేరు ఉందని చెప్పక తప్పదు. చెప్పాలంటే పలకక తప్పదు. ఇంకొంచెం ఎగదొయ్యాలి, అంతే.

మర్నాడు పాలపాకెట్టు వంకతో కిందికి దిగి ఈదమ్మ బుట్ట దగ్గర కూర్చున్నాడు.

"ఈదమ్మా, రోజూ పొద్దున్నే మా వాకిట్లో నిలబడి నన్ను గట్టిగా పిలవాలి. ఇప్పుడు పిలుస్తున్నావే, అలాగే."

"నాకెందుకయ్యా మీ మొగని పెండ్లాల నడుమ? రేపు మీరిద్దరొక్కటైతరు, నా దగ్గర పూలు కొనుడు బంద్ జేస్తరు."

"రోజూ రెండు మూరలు ఎక్కువ తీసుకుంటాను."

ఈదమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్న పనిని నిజాయితీగా చేసే మనిషి. ఆ మర్నాడు ఏడింటికల్లా రెండో అంతస్తు అద్దాలు అదిరాయి.

"ఓ మా ఆయనా. మల్లెలు ఏరి పెట్టిన, దిగిరావయ్యా."

కమలాకుమారి కాఫీ వడపోత ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. రెండో రోజు ఈదమ్మ "నీ కోసమే ఎదురుచూస్తున్న" అని సొంతంగా ఒక ముక్క కలిపింది. మూడో రోజు పిలుపు అవుతూనే కమలాకుమారి గ్యాసు కట్టేసి, కొంగు దోపుకుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు రామచంద్రరావు, గొంతులో సంతోషం దాచుకోలేక.

"పూలకి."

ఆవిడ గుమ్మం దాటగానే ఆయన ఫ్యాను ఆపాడు. కుళాయి కట్టాడు. రేడియో నోరు నొక్కాడు. పక్కవాటా తలుపు కొట్టి మిక్సీ రెండు నిమిషాలు ఆపమని వేడుకున్నాడు. బాల్కనీలో నిలబడి నల్లకళ్ళద్దాలు కూడా తీసేశాడు, అవి చెవులకి అడ్డమన్నట్టు. అనుమానం రాకుండా చేతిలో మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా పట్టుకున్నాడు. అందులో నీళ్ళు లేవు.

కింద కమలాకుమారి ఈదమ్మ బుట్ట ముందు నిలబడి ఒక్కసారి తలెత్తి పైకి చూసింది. ఈయన ఖాళీ డబ్బాతో తులసిమొక్కని శ్రద్ధగా తడిపాడు. ఆవిడ తల దించి, కూర్చుని, మొగ్గలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే. తీసి చూసి, మళ్ళీ బుట్టలో వేసి, ఇంకొకటి. అంత తీరిగ్గా ఆవిడ పెళ్ళిచీర కూడా ఎంచలేదు. వీధి నిశ్శబ్దంగా ఉంది. చీమ దగ్గితే వినపడేట్టు ఉంది. ఆవిడ మాత్రం నోరు విప్పదు.

సందు చివర పాత సామాన్ల ఆటో తిరిగింది. దాని నెత్తిన మైకు. "పాత ఇనుము, పాత పేపర్లు, పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు కొంటాం." దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. సరిగ్గా పూలబుట్ట పక్కకి వచ్చేసరికి కమలాకుమారి చేతిలో మొగ్గ కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, ఈదమ్మ వైపు వంగి ఏదో చెప్పింది.

రామచంద్రరావు పిట్టగోడ మీద సగానికి పైగా వాలాడు. ఆవిడ నోరు విచ్చుకోవడం చూశాడు. పెదవులు ఒకదాన్నొకటి తాకి విడిపోవడం చూశాడు. ఆయనకి వినిపించినవి పాత కూలర్లు.

ఒక కాలికే చెప్పుతో మెట్లన్నీ దిగాడు. సగం దారిలో కమలాకుమారి పూలు పట్టుకుని ఎదురొచ్చి, మర్యాదగా పక్కకి తప్పుకుని, పైకి వెళ్ళిపోయింది.

"ఏమంది ఈదమ్మా?"

"చెప్పిందయ్యా. ఇంటిపేరుతోని సహా చెప్పింది. ఆయనకో పేరున్నది, ఇగ సంది ఆ పేరుతోనే పిలువు, నలుగురికి నువ్వే చెప్పు అన్నది."

"పేరు అందా? నిజంగా అందా?"

"అన్నది. అని చెంపలేసుకున్నది. మొకం ఇంత ఎర్రగైంది. కొత్త పెండ్లిపిల్ల గూడ గంత ముద్దుగ చెప్పదయ్యా."

"ఎలా అందో ఒక్కసారి అలాగే అను."

ఈదమ్మ జాలిగా చూసింది. "నేనంటే నా తీర్గ వస్తది గాని, ఆమె తీర్గ ఎట్లొస్తదయ్యా?"

ఈదమ్మ మాట నిలబెట్టుకుంది. మధ్యాహ్నానికి మందుల షాపు, సాయంత్రానికి ఇందిరా పార్కు, అందరూ రామచంద్రరావుగారూ అనడం మొదలుపెట్టారు. హారతి లిఫ్టులోంచి "గుడ్ ఈవినింగ్ రామచంద్రరావంకుల్" అంది. కమలాకుమారి నోట వెలువడిన పేరు వీధి వీధంతా తలో కాస్త పంచుకుంది. ఆయన వాటాకి మాత్రం కూలర్లు వచ్చాయి.

భోజనాల దగ్గర రామచంద్రరావు కంచంలో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"ఈదమ్మతో ఏదో అన్నావట."

"అన్నాను."

"ఏమన్నావు?"

"మీ పేరు చెప్పాను."

"అదే, ఏమని చెప్పావు?"

కమలాకుమారి అన్నం మీద నెయ్యి వేసింది, రోజూ కంటే కాస్త ఎక్కువే. "దానికి తెలీదు కాబట్టి చెప్పానండీ. మీకు తెలుసుగా."

రామచంద్రరావు ఒక ముద్ద మింగాడు. ఆలోచించాడు. ఇంకో ముద్ద మింగాడు.

"మరిచిపోయాననుకో."

"బీరువాలో ఆధార్ కార్డుంది," అంది కమలాకుమారి. "డాక్టరు చదవమన్నాక తీసి చూసుకోండి."